ఇన్, ఇమ్ తికమక ఇలా వదిలింది

కావలిలో ఏడో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తాను. ఇంపాజిబుల్‌ని ఎన్‌తో, ఇర్రెగ్యులర్‌ని 'ఇన్‌రెగ్యులర్' అని రాసేవాళ్లు, ప్రిఫిక్సుల (ఇంగ్లీషు పదం ముందు చేరి 'కాదు' అనే అర్థమిచ్చే ఇన్, ఇమ్ లాంటివి) పట్టిక బట్టీ పట్టించినా పరీక్షలో మళ్లీ అంతే. పట్టిక పక్కన పెట్టేసి 'సంత', 'సంపద' గట్టిగా పలకమన్నా. రెండింట్లోనూ సున్నానే, కానీ 'ప' ముందు పెదాలు మూతపడి 'మ్' అవుతుంది, 'త' ముందు 'న్'. లాటిన్ నుంచి వచ్చిన 'ఇన్' కూడా అంతే: పి, బి, ఎమ్ ముందు 'ఇమ్', ఎల్ ముందు 'ఇల్', ఆర్ ముందు 'ఇర్'. ఇల్లీగల్‌లో రెండు ఎల్‌లు ఎందుకో కూడా అక్కడే తేలిపోయింది. తప్పులు బాగా తగ్గాయి.

'మరి అన్‌ప్లెజెంట్ ఎందుకు మారలేదు సార్?' అని ఒకమ్మాయి అడిగింది (ఇలాంటి పిల్ల ఒక్కరుంటే చాలు, మనకూ పని పెడుతుంది). 'అన్' లాటిన్‌ది కాదు, పాత ఇంగ్లీషుది, స్పెల్లింగులో దేని ముందైనా అలాగే ఉంటుంది.