మందుకి పడిపోయిన పురుగు తెల్లారి లేస్తోందా?

సమస్య: లేబుల్ మోతాదే కొట్టాం, పురుగు చావలేదు

మందు నకిలీదనో, పురుగు మొండికేసిందనో తేల్చేసే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తారు. మందు తగలని ఆకుల్ని అదే మోతాదు ద్రావణంలో ముంచి ఆరబెట్టండి. ఇంకొన్నిటిని ఉత్త నీళ్లలో ముంచండి. రెండు డబ్బాల్లో వేసి, పొలంలోంచి తెచ్చిన ఒకే సైజు పురుగుల్ని పదేసి వదలండి. పైరిత్రాయిడ్లయితే (పురుగు నాడుల మీద పని చేసే మందులు) రెండు రోజులు, కుబుసం విడవకుండా ఆపే మందులైతే నాలుగైదు రోజులు చూడాలి.

మందు డబ్బాలోవి మాత్రమే చస్తే లోపం పిచికారీలో ఉంది: ఆకు అడుగు తడవలేదు, నాజిల్ అరిగింది, లేదా పురుగు కాయలోకి దూరాక కొట్టారు. చావకపోతే వేరే బ్యాచ్ మందుతో మళ్లీ చేయండి. అప్పుడూ బతికితే కింది భాగం మీకోసమే.

సమస్య: కొట్టగానే రాలింది, తెల్లారి ఆకు మీదే ఉంది

ఇదే అందరినీ బోల్తా కొట్టించేది. రాలిన పురుగు కాళ్లు కొట్టుకుంటూ, మెలికలు తిరుగుతుంటే పని అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. పైరిత్రాయిడ్ నాడుల మీద పని చేసింది నిజమే. కానీ అది ప్రాణం తీసేలోపే పురుగు ఒంట్లోని ఎంజైములు మందును ముక్కలు చేసేశాయి. నాడిలో మందు అతుక్కునే చోటే మారిపోయి ఉంటే చాలావరకు అసలు పడిపోయేదే కాదు. అందుకే మర్నాడు పొద్దున్నే వెళ్లి చూడాలి.

ఈ ఎంజైముల్లో ముఖ్యమైనవి మూడు రకాలు: పీ450లు, ఎస్టరేజ్‌లు, గ్లూటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్‌లు. మొక్కల్లోని విషాల్ని తట్టుకోవడానికి పురుగుకి ఇవి ముందునుంచీ ఉన్నాయి. ప్రతి పిచికారీలో ఎంజైమ్ తక్కువున్నవి చచ్చి, ఎక్కువున్నవి మిగులుతాయి. మైజస్ పెర్సికే అనే పేనుబంకలో ఒక ఎస్టరేజ్ ఒంట్లోని మొత్తం ప్రోటీన్‌లో సుమారు 1 శాతానికి చేరింది. ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బమేట్లు, పైరిత్రాయిడ్లు అనే మూడు రకాల మందుల్నీ అదే అడ్డుకుంటుంది.

"గ్రూపు మార్చాం కదా" అనేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. గ్రూపు నంబరు మందు పురుగులో ఎక్కడ తగులుతుందో చెబుతుంది. ఏ ఎంజైమ్ దాన్ని విరుస్తుందో చెప్పదు. తెల్లదోమలో సీవైపీ6సీఎం1 అనే పీ450 ఇమిడాక్లోప్రిడ్ మందుని (గ్రూపు 4ఏ) విరుస్తుంది, పైమెట్రోజిన్ మందునీ (గ్రూపు 9బీ) విరుస్తుంది. నంబర్లు వేరైనా, మింగేది ఒకటే.

ఏం చేయాలి

ఫెయిలైన మందు డోసు పెంచకండి, ఎంజైమ్ మరీ ఎక్కువున్నవాటినే ఏరి మిగిల్చినట్టవుతుంది. ఆ మందును ఒక్క పిచికారీకి కాదు, వరసగా కొన్ని తరాలపాటు పక్కన పెట్టండి. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టండి, పెరిగేకొద్దీ విరిచే శక్తీ పెరుగుతుంది.

ల్యాబ్‌కి పంపితే పైపెరోనిల్ బ్యూటాక్సైడ్ పరీక్ష అడగండి. పీ450లను ప్రధానంగా అణిచే పదార్థం ఇది. ఇది ఇచ్చాక మందు మళ్లీ పని చేస్తే దొంగ దాదాపు దొరికినట్టే. దీన్ని పొలంలో సొంతంగా కలపొద్దు. తేనెటీగల్లోనూ అవే రకం ఎంజైములున్నాయి, వాటికీ రక్షణ పోతుంది. పైగా క్లోర్‌ఫెనపైర్ అనే మందుని విషంగా మార్చేది పీ450లే, వాటిని ఆపితే ఆ మందే పని చేయదు. ఇండాక్సాకార్బ్ అనే మందు కూడా పురుగు ఒంట్లోకి వెళ్లాకే, ఎస్టరేజ్ రకం ఎంజైముల వల్ల, అసలు విషంగా మారుతుంది. అందుకే ఎస్టరేజ్ బలంతో తట్టుకునే పురుగుల మీద దీన్ని పరీక్షించి చూడటం దండగ కాదు.

మిగతా కారణాలు

పురుగు చర్మం మందమవడం, మందు తగిలిన ఆకు నుంచి తప్పుకోవడం ఉంటాయి, కానీ ఒంటరిగా ఇంత దెబ్బ తీయడం అరుదు. క్షార నీళ్లలో కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లు ట్యాంకులోనే విరిగిపోతాయి. లిట్మస్ కాగితం ముంచితే నిమిషంలో తెలిసిపోతుంది.