వసంతంలో యోసెమిటీకి ఎలా వెళ్లాలి: తేదీ మీది కాదు, మంచుది

ఏప్రిల్, మే నెలల్లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కు అంటే కింద వసంతం, పైన చలికాలం. 4,000 అడుగుల ఎత్తులో ఉన్న లోయలో గడ్డి పచ్చబడుతుంది, జలపాతాలు హోరెత్తుతుంటాయి. అక్కడే నిలబడి తలెత్తి చూస్తే కనిపించే కొండ అంచు మీద ఇంకా మంచు పేరుకునే ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి బయల్దేరే మనవాళ్లు చాలామంది లోయ ఫొటోలు చూసి ప్లాన్ వేసుకుంటారు, పైనున్న మంచు సంగతి మర్చిపోతారు. చివరికి మూసిన గేటు ముందు యూటర్నో, మంచులో జారకుండా టైర్లకి తొడిగే చైన్లు లేవని రేంజర్ వెనక్కి పంపడమో జరుగుతుంది. ఈ రెండూ తప్పించుకోవాలంటే పనులు ఈ వరుసలో చేయండి.

1. తేదీ

వసంతంలో ఇక్కడికి వెళ్లేది జలపాతాల కోసం. ఇంకేం కావాలన్నా సెప్టెంబరులో వెళ్లండి. యోసెమిటీ ఫాల్స్ మొత్తం ఎత్తు 2,425 అడుగులు, దాని నీళ్లు దాదాపు అన్నీ పైన కరిగే మంచువే. మే నెలలో, జూన్ మొదట్లో నిండుగా దూకుతుంది. చాలా ఏళ్లు ఆగస్టుకల్లా ఎండిపోయి బండ మీద మచ్చ మాత్రం మిగులుతుంది. కాబట్టి మే మొదటి మూడు వారాల్లో ఒకటి పట్టుకోండి, అదీ సోమవారం నుంచి గురువారం లోపు. మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వీకెండ్‌కి మాత్రం వెళ్లకండి, పార్కింగ్ లాట్ చూసి రావడమే అవుతుంది. పిల్లల స్ప్రింగ్ బ్రేక్ ఏప్రిల్‌లో పడితే ఏప్రిల్‌లోనే వెళ్లండి. అప్పటికే నీళ్లు బాగుంటాయి, కాకపోతే చలి ఎక్కువ, చైన్ల అవసరం ఎక్కువ.

టయోగా రోడ్డును ప్లాన్‌లోంచి తీసేయండి. 9,943 అడుగుల ఎత్తున్న కనుమ మీదుగా పోయే ఈ రోడ్డు మామూలుగా నవంబరులో మూతపడుతుంది. 2022లో మే 27న తెరిచారు, 2024లో జూన్ 10న. మంచు విపరీతంగా పడిన 2023లో జూలై 22 దాకా తెరవలేదు. అందుకే "వేగాస్, డెత్ వ్యాలీ చూసుకుని తూర్పున లీ వైనింగ్ దగ్గర పార్కులోకి దిగుదాం" అనే ప్లాన్ ఏప్రిల్‌లో చెల్లదు. తూర్పు వైపు గేటు మూసి ఉంటే కొండల చుట్టూ తిరిగి పడమటి వైపుకి రావాలి, అది ఒక రోజంతా తినేసే డ్రైవ్. గ్లేసియర్ పాయింట్ రోడ్డు కూడా చాలాసార్లు మేలో గానీ తెరవరు. తెరిచి ఉంటే అదృష్టం అనుకోండి, దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లకండి.

ఒక్క విషయంలో మన క్యాలెండర్ పనికొస్తుంది. వెన్నెల్లో జలపాతపు తుంపర మీద ఇంద్రధనుస్సు పడటం లోయర్ యోసెమిటీ ఫాల్ వంతెన దగ్గర కనిపిస్తుంది. అది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నిండు చంద్రుడున్న రాత్రుల్లోనే. ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన క్యాలెండర్ తీసి చైత్ర, వైశాఖ, జ్యేష్ఠ పౌర్ణములు చూసుకుంటే చాలు. కంటికి తెల్లటి వంపులా కనిపిస్తుంది, రంగులు కెమెరాకే దొరుకుతాయి. ట్రైపాడ్‌తో పాటు లెన్సు తుడవడానికి నాలుగైదు పొడి బట్టలు పెట్టుకోండి.

2. బస, ప్రవేశం

లోయలోని హోటళ్ల గదులు సుమారు ఏడాది ముందే బుకింగ్‌కి వస్తాయి. ఆ గడువు దాటిపోతే పార్కు బయట మరిపోసాలోనో ఎల్ పోర్టల్‌లోనో తీసుకోండి.

టెంటు వేసేవాళ్లకి లోయలోని అప్పర్ పైన్స్ క్యాంప్ గ్రౌండ్ ఒక్కటే నా సలహా. రిక్రియేషన్ డాట్ గవ్‌లో ఒక నెల తేదీల బుకింగ్ ఒకేసారి, గరిష్ఠంగా 5 నెలల ముందు, 15వ తేదీన, పసిఫిక్ టైం ఉదయం 7 గంటలకు తెరుస్తారు. ఏప్రిల్ 15 నుంచి మే 14 వరకు తేదీలు కావాలంటే డిసెంబరు 15న, మే 15 నుంచి జూన్ 14 వరకైతే జనవరి 15న. ముందే లాగిన్ అయి, సైటు నంబర్లు మూడు నాలుగు రాసి పెట్టుకుని కూర్చోవాలి. ఏడు గంటల ఒక్క నిమిషానికి మొదలుపెడితే ఏమీ మిగలదు. నాలుగు కుటుంబాలు ఒక సైటులో సర్దుకుందాం అనుకోవద్దు. పిల్లలతో కలిపి సైటుకి ఆరుగురే.

గేటు దగ్గర కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. నగదు తీసుకోరు, కార్డే. 2026 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకి, 16 ఏళ్లు నిండితే, మనిషికి 100 డాలర్లు అదనం. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే పాసుల నిబంధనలు పార్కు వెబ్‌సైటులో ముందే చదవండి. ప్రవేశానికి ముందస్తు రిజర్వేషన్ పద్ధతి 2022లో ఉంది, 2023లో తీసేశారు, 2024లో మళ్లీ పెట్టారు. పోయినసారి వెళ్లొచ్చినవాళ్ల మాట పట్టుకుని బయల్దేరొద్దు, ఆ ఏటి నిబంధన ఆ ఏడు చూసుకోవాలి.

3. దారి

వసంతంలో దారి ఒక్కటే: మెర్సెడ్, మరిపోసా మీదుగా 140వ నంబరు హైవే. మ్యాప్ యాప్ 120 చూపిస్తుంది, కాస్త దగ్గర అంటుంది. వినకండి. 120 మీద క్రేన్ ఫ్లాట్ దగ్గర 6,000 అడుగులు దాటి ఎక్కి మళ్లీ లోయలోకి దిగాలి, దక్షిణం నుంచి వచ్చే 41 కూడా దాదాపు అంత ఎత్తుకీ ఎక్కుతుంది. 140 మాత్రం మెర్సెడ్ నది ఒడ్డునే సాగి, లోయ ఎత్తు కంటే పైకి ఎక్కకుండా లోపలికి వెళ్తుంది. కింద వాన పడుతున్న రోజున 120 మీద మంచు పడుతుంటుంది. పైగా 120 మీద ప్రీస్ట్ గ్రేడ్ మలుపుల్లో, ఇడ్లీ తిని ఎక్కిన పిల్లలు ఆ ఇడ్లీని కారులోనే అప్పజెప్తారు. 140 మీద మార్చి చివర, ఏప్రిల్‌లో నది పక్క కొండవాలు నారింజ రంగు పాపీ పూలతో నిండి ఉంటుంది, అది అదనపు లాభం.

మరిపోసాలో ట్యాంకు నింపండి. లోయలో పెట్రోలు బంకు లేదు. ఫోన్ సిగ్నల్‌నీ నమ్మొద్దు, మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి. కారు లేనివాళ్లకి మెర్సెడ్ నుంచి యార్ట్స్ బస్సు ఉంది, టికెట్టులోనే పార్కు ప్రవేశం కలిసి ఉంటుంది.

4. చైన్లు

ట్రిప్పు చెడేది ఇక్కడే. మిగతా ఏ పొరపాటైనా డబ్బుతోనో ఓపికతోనో సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు.

పార్కు రోడ్ల మీద చైన్ల నియమం మే వరకూ ఎప్పుడైనా రావచ్చు. బోర్డు పెట్టాక ఆ హద్దు దాటే ప్రతి కారులోనూ చైన్లు ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ అయినా, అద్దె కారైనా మినహాయింపు లేదు. మూడు స్థాయులుంటాయి. ఆర్1 అంటే మామూలు కార్లకి మంచు టైర్లుంటే చాలు, చైన్లు డిక్కీలో ఉండాలి. ఆర్2 అంటే ఫోర్ వీల్ లేదా ఆల్ వీల్ డ్రైవ్ అయ్యి, నాలుగూ మంచు టైర్లయితేనే వదులుతారు, వాళ్ల దగ్గరా చైన్లుండాలి. మిగతావాళ్లు అక్కడికక్కడే తొడగాలి. ఆర్3 అంటే అందరూ తొడగాల్సిందే. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అనే గుర్తు ఉంటే మంచు టైరు కింద లెక్క, కానీ గాడి లోతు అంగుళంలో 32వ వంతులు కనీసం ఆరుండాలి. నాలుగేళ్లు ఫ్రీవే మీద అరిగిన టైరుకి ఆ గుర్తు ఉన్నా లోతు ఉండకపోవచ్చు. లోతు కొలిచే గేజి రెండు మూడు డాలర్లే, కొనండి.

కొనేటప్పుడు కారు పేరు చెప్పి కొనకండి. టైరు పక్క గోడ మీద 225/65ఆర్17 లాంటి సంఖ్య ఉంటుంది, దాని ప్రకారం కొనాలి. ఒకే మోడల్ కారుకి రెండు మూడు సైజుల టైర్లు వస్తాయి. కొత్త కార్లలో, ముఖ్యంగా ఎలక్ట్రిక్ వాటిలో, చక్రానికీ లోపలి భాగాలకీ మధ్య జాగా తక్కువ. మందపాటి లింకు చైను అక్కడ పట్టదు, కారు మాన్యువల్‌లో ఏ రకం ఒప్పుకున్నారో ఆ రకమే తీసుకోవాలి. అద్దె కారైతే ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు చైన్లు తొడగడానికి ఒప్పుకోవు. అలాంటప్పుడు చలిగాలి వాన ఉన్న వారంలో అద్దె కారు మానేసి బస్సెక్కడం మంచిది. చైన్లు ఊళ్లోనే కొనండి, పార్కు దగ్గర ధర ఎక్కువ, సైజూ దొరకదు. వాడకపోతే వెనక్కి తీసుకునే షాపులున్నాయి, కొనేముందు అడగండి.

కొన్నాక డబ్బా అలాగే డిక్కీలో పడేయడం అందరూ చేసే తప్పు. గరాజులో ఒకసారి తొడిగి, తీసి చూడాలి. ఎండలో ఇరవై నిమిషాలు పట్టే పని, రోడ్డు పక్క మంచులో, వేళ్లు మొద్దుబారాక, గంట పడుతుంది.

తొడిగేది ఇంజిన్ తిప్పే చక్రాలకే. హోండా ఒడిస్సీ లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుకి ముందు రెండిటికి. వెనక చక్రాలు తీరిగ్గా అందుతాయని వాటికి వేస్తే కారు కదిలేది ఉండదు, తిరిగేదీ ఉండదు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే మాన్యువల్ ఏం చెబితే అదే.

చదునైన చోట, రోడ్డుకి బాగా పక్కగా, చైన్లు వేసుకోవడానికి విడిచిన జాగాలోనే ఆపండి. మలుపులో ఆపొద్దు. హజార్డ్ లైట్లు, హ్యాండ్ బ్రేకు వేయండి. మోకాళ్ల కింద ఖాళీ సోనా మసూరి సంచి పరుచుకోండి, దాన్ని మించిన పరికరం లేదు. ముందు చైనును నేల మీద పూర్తిగా పరిచి చిక్కులు తీయండి. కొక్కేల మొనలు టైరు వైపు కాకుండా బయటి వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఆ మొనలే టైరు గోడను కోసేస్తాయి. చైనును టైరు మీద శాలువాలా కప్పి, రెండు వైపులా సమానంగా వేలాడేట్టు సర్దండి. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి, ముందు లోపలి కొక్కెం తగిలించాలి. కంటికి కనిపించేది బయటి కొక్కెం కాబట్టి అందరూ దాన్నే ముందు పెడతారు, లోపలిది సగం పట్టి ఊరుకుంటుంది, మైలు తిరక్కుండానే ఊడిపోతుంది. లోపలిది తగిలించాక ఒకసారి లాగి చూసి, అప్పుడు బయటిది. టైరు కింద నలిగిన భాగం అందకపోతే కారును అర చుట్టు ముందుకి జరిపి మిగతాది బిగించండి.

బిగించేశాం, అయిపోయింది అనుకోకండి. పావు మైలు మెల్లగా నడిపి ఆపి, మళ్లీ బిగించాలి. చైను మొదటి చుట్లలో తప్పకుండా వదులవుతుంది. మిగిలిపోయిన కొస వేలాడకూడదు, అది చక్రంతో తిరిగి బ్రేకు గొట్టాన్ని కొడుతుంది. గంటకి 25 మైళ్లు దాటొద్దు. టకటకమని ఒకే తాళంలో వినిపిస్తే సరే. ఢబ్ ఢబ్ అని లోపల కొడుతుంటే వెంటనే ఆపండి. మంచు అయిపోయి తారు రోడ్డు కనిపించగానే ఆపి తీసేయాలి, పొడి రోడ్డు మీద చైను తెగుతుంది, టైరునీ తినేస్తుంది.

బయల్దేరే రోజు ఉదయం 209-372-0200కి ఫోన్ చేస్తే పార్కు రోడ్ల పరిస్థితి రికార్డు చేసిన గొంతులో చెప్తుంది. దాన్ని వినకుండా కారు తీయొద్దు.

5. తిండి, బట్టలు

ఎలుగుబంట్లకి ఏప్రిల్‌లో ఆకలి ఎక్కువ. రాత్రిపూట కారులో తిండి అనేదే ఉండకూడదు. పులిహోర డబ్బా, ఆవకాయ సీసా, ఖాళీ కూలరు, టూత్‌పేస్టు, పిల్ల సీటులో రాలిన చక్కిలం ముక్క, అన్నీ తిండి కిందే లెక్క. గదిలో ఉంటే గదిలోకి, టెంటులో ఉంటే ఇనప లాకరులోకి. బట్టలు పొరలుగా, పైన నీళ్లు దిగని జాకెట్టు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు.

6. లోయలో

ఉదయం 8 లోపు కారు ఆపి, ఇక సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోకండి. షటిల్ బస్సు ఉచితం. పెద్దవాళ్లతో అయితే లోయర్ యోసెమిటీ ఫాల్ చుట్టు దారి, ఒక మైలే. మిర్రర్ లేక్‌లో నీళ్లుండేదీ ఈ కాలంలోనే.

నడవగలిగినవాళ్లు 16వ స్టాపులో దిగి మిస్ట్ ట్రెయిల్ ఎక్కండి. 317 అడుగుల వెర్నల్ ఫాల్ పై దాకా పోను రాను 2.4 మైళ్లు, 1,000 అడుగుల ఎక్కుడు. ఆరు వందల పైచిలుకు రాతి మెట్లు, వాటి మీద మే నెలంతా జల్లు. గొడుగు పనికిరాదు, గట్టి పట్టున్న బూట్లు కావాలి. తడి మెట్లు ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. పైనుంచి క్లార్క్ పాయింట్ మీదుగా జాన్ మ్యూర్ ట్రెయిల్‌లో దిగండి. మంచుగడ్డల వల్ల ఈ దారుల్లో కొంత మూసి ఉండొచ్చు కాబట్టి మొదట్లో ఉన్న బోర్డు చదవండి.

పైన రెయిలింగ్ దాటి నీళ్లలో కాలు పెట్టొద్దు. అంచు దగ్గర నది నున్నగా, నెమ్మదిగా కనిపిస్తుంది. 2011 జూలైలో ముగ్గురు అక్కడే కొట్టుకుపోయారు. కింద లోయలోనూ అంతే. అప్పుడే కరిగిన మంచునీళ్లు అవి, పడిన మనిషికి ఈదే బలం నిమిషాల్లో పోతుంది. ఇంకో సంగతి: పగటి ఎండకి కరిగిన మంచు కిందికి చేరడానికి గంటలు పడుతుంది, అందుకే మే నెలలో ప్రవాహం రాత్రి పొద్దుపోయాక ఎక్కువవుతుంది. పొద్దున పిల్లలు ఆడుకున్న ఇసుక తిన్నె రాత్రికి నీళ్ల కింద ఉండొచ్చు. కుర్చీలూ చెప్పులూ అక్కడ వదలకండి.

ఇంటికొచ్చాక, చైన్లు వాడి ఉంటే, మామూలు నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరాక డబ్బాలో పెట్టండి. తడిగా పెడితే మళ్లీ ఏడాదికి కొక్కేలు తుప్పు పట్టి తెరుచుకోవు.