బరువు తగ్గట్లేదా, కొలత తప్పా? డైట్, వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకు

డైట్ మొదలుపెట్టిన కొత్తలో చాలామంది ఓపిక లేక మానెయ్యరు, అంకెలు చూసి దిగులుపడి మానేస్తారు. పడిన కష్టం వృథా అయిందనుకుంటారు. అందుకే ఏ అంకె కంగారు పెట్టినా, తిండి తగ్గించే ముందు ఒక్కటి తేల్చుకోండి: మారింది కొవ్వా, నీళ్లా, లేక మనం కొలిచిన తీరా?

"నిన్నటికీ ఇవాళ్టికీ కిలో పెరిగాను"

అది కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒళ్లు ఖర్చు చేసేదానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. రాత్రికి రాత్రే అంత తినడం ఎవరి వల్లా కాదు. ఉప్పు ఎక్కువైన భోజనం, ఆలస్యంగా తిన్న తిండి, మలబద్ధకం, వీటిలో ఏది ఉన్నా మర్నాడు అంకె పైకి పోతుంది. రోజుకూ రోజుకూ మధ్య కిలో, కిలోన్నర తేడా మామూలే.

ముందు కొలిచే పద్ధతి సరిచేసుకోండి. పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకుండా, తాగకుండా, తేలికపాటి బట్టలతో చూసుకోవాలి. వెయింగ్ మిషన్ గట్టి నేల మీద, ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. కార్పెట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది. ఆ తర్వాత రోజువారీ అంకెను పట్టించుకోకుండా వారం సగటు తీయండి.

ఉదాహరణకు ఒకరి బరువు మొదటి వారం 78.4, 77.9, 79.1, 78.6, 78.0, 78.3, 77.8 ఉందనుకుందాం. రెండో వారం 78.1, 78.6, 77.7, 77.5, 78.2, 77.4, 77.8. రెండు వారాల్లోనూ చివరి రోజు 77.8 దగ్గరే ఉంది. ఆ ఒక్క రోజే చూసేవాళ్లకు "ఏమీ తగ్గలేదు" అనిపిస్తుంది. సగటు తీస్తే 78.3 నుంచి 77.9కి వచ్చింది. అంటే వారంలో 400 గ్రాములు, మంచి వేగమే.

నెలసరి వచ్చే స్త్రీలకు వారం సగటు కూడా చాలదు. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి ఒంట్లో నీరు నిలుస్తుంది. ఈ నెల నెలసరి అయిపోయిన వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చుకోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఎంతమంది అనవసరంగా పస్తులుంటున్నారో!

"మొదటి వారం మూడు కిలోలు తగ్గాను, తర్వాత ఆగిపోయింది"

ఆగిపోలేదు. మొదట పోయిందాంట్లో ఎక్కువ భాగం నీళ్లు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ (తిన్న కార్బోహైడ్రేట్లను ఒళ్లు దాచుకునే రూపం) నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. కార్బోహైడ్రేట్లు తగ్గించగానే ఆ నిల్వ కరిగి, నీరు బయటికి పోతుంది. కాబట్టి మొదటి వారాన్ని లెక్కలోంచి తీసేసి, రెండో వారం సగటు నుంచి మొదలుపెట్టండి. అక్కడి నుంచి వారానికి అర కిలో తగ్గినా బాగా సాగుతున్నట్టే.

"జిమ్‌కి వెళ్లడం మొదలుపెట్టాక బరువు పెరిగింది"

అలవాటు లేని వ్యాయామం చేస్తే కండరాల్లో సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, మరమ్మతు జరిగేటప్పుడు అక్కడ నీరు చేరుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల దాకా ఒళ్లు నొప్పులు ఉండేది కూడా అందుకే. క్రియాటిన్ (వ్యాయామం చేసేవాళ్లు తీసుకునే ఒక సప్లిమెంట్) వాడేవాళ్లకు ఇంకాస్త నీరు చేరుతుంది. "కండ పెరిగింది" అని మాత్రం తొందరపడి సర్దిచెప్పుకోకండి, రెండు వారాల్లో కిలోలకొద్దీ కండ రాదు. మూడు, నాలుగు వారాలు వ్యాయామం అలాగే సాగిస్తూ నడుము కొలత చూడండి. ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారో కూడా రాసుకోండి, అది పెరుగుతుంటే ఒంట్లో మార్పు వస్తున్నట్టే.

"టేపుతో ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది"

ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే ఇదే తిప్పలు. పక్కటెముకల్లో చిట్టచివరిది వేలితో తడిమి చూడండి, తర్వాత తుంటి ఎముక పైఅంచు. రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. టేపు చర్మాన్ని ఆనుకోవాలి గానీ నొక్కకూడదు, వీపు వైపు కిందికి జారకూడదు. అద్దంలో ఓసారి చూసుకోండి. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. రెండు వారాలకొకసారి చాలు. ఒక్క కొలతే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే పొట్ట లోపలి కొవ్వు ఎలా మారుతోందో బరువు కంటే ఇదే బాగా చెబుతుంది.

"మిషన్‌లో ఫ్యాట్ శాతం రోజుకో రకంగా ఉంది"

ఆ మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. పాదాల గుండా చిన్నపాటి కరెంట్ పంపి, ఒంట్లో నీటిని బట్టి అంచనా వేస్తుంది. నీళ్లు తక్కువ తాగినా, చెమట పట్టినా లెక్క మారిపోతుంది. ఆ శాతాన్ని వదిలెయ్యండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ ఫీచర్ అసలు వాడకూడదు.

"నాలుగు వారాలుగా సగటూ కదల్లేదు, నడుమూ తగ్గలేదు"

ఇప్పుడు తిండి వైపు చూడాలి. సాధారణంగా లెక్క తప్పేది నూనె, పానీయాలు, వంట చేస్తూ రుచి చూసేవి, సెలవు రోజుల దగ్గర. స్మార్ట్‌వాచ్ చూపించే కేలరీలను నమ్మి అంత అదనంగా తినడం మరో పొరపాటు, ఆ అంచనాల్లో తేడా చాలా ఉంటుంది. పైగా తక్కువ తినేటప్పుడు మనకు తెలియకుండానే కదలిక తగ్గిపోతుంది. ఒక వారం పాటు తిన్నదంతా తూచి రాయండి, రోజువారీ అడుగులు తగ్గాయేమో చూడండి. ఆ తర్వాతే, అవసరమైతే, కొద్దిగా తగ్గించండి.

కొలతలు పక్కనపెట్టి డాక్టర్‌ని కలవాల్సినవి

నెలసరి ఆగిపోవడం, మళ్లీమళ్లీ కళ్లు తిరగడం, రెండు మూడు నెలలయ్యాక జుట్టు గుప్పెళ్లుగా రాలడం, ఇవన్నీ తిండి మరీ తగ్గిందనడానికి గుర్తులు కావచ్చు. అంకె చూడకపోతే రోజంతా టెన్షన్‌గా ఉన్నా, తినాలంటే భయమేసినా మిషన్ ఎక్కడం ఆపి సాయం తీసుకోండి. కఠినమైన వ్యాయామం తర్వాత భరించలేని నొప్పితో మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి, కండరాలు దెబ్బతిని కిడ్నీలకు ముప్పు రావచ్చు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు డైట్ మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. బరువు తగ్గేకొద్దీ పాత డోసు ఎక్కువైపోయి షుగర్ గానీ బీపీ గానీ బాగా పడిపోవచ్చు.