తుంటి కీలు మార్పిడి తర్వాత కాళ్ళ పొడవులో తేడా: లక్షణం, కారణం, పరిష్కారం

తుంటి కీలు మార్పిడి చేయించుకుని వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో చాలామంది చెప్పే మాట ఒకటి ఉంది: "ఆపరేషన్ చేసిన కాలు పొడుగైపోయింది." ఆ మాట వినగానే ఇంట్లోవాళ్ళు కంగారుపడి రెండో చెప్పుకు ఎత్తు వేయించాలని చూస్తారు. కాలు నిజంగా పొడుగైందా, లేక పొడుగైనట్టు అనిపిస్తోందా అన్నది తేలకముందే అలా చేస్తే, తనంతట తాను సర్దుకోవాల్సిన తేడా అలాగే స్థిరపడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఏ లక్షణం ఎప్పుడు మొదలైందో చూసుకుని, దాని కారణం తెలుసుకున్న తర్వాతే చికిత్స గురించి ఆలోచించాలి.

సమస్య: ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో ఆ కాలు పొడుగ్గా అనిపించడం

దీనికి సాధారణంగా రెండు కారణాలు కలిసి ఉంటాయి. మొదటిది పాత అలవాటు. కీలులోని మృదులాస్థి అరిగిపోయినా, రక్తప్రసరణ ఆగి తొడ ఎముక తల కుంగిపోయినా ఆ కాలు క్రమంగా పొట్టిదవుతుంది. ఏళ్ళ తరబడి ఆ పొట్టి కాలితోనే నడిచిన శరీరానికి, సర్జన్ దాన్ని అసలు పొడవుకు తెచ్చినప్పుడు అది ఎక్కువైనట్టే తోస్తుంది. రెండోది బిగుతు. తుంటి బయటి వైపు కండరాలు, కీలు ముందు భాగంలోని కణజాలం బిగుసుకుని ఉండటం వల్ల, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడినప్పుడు కటి భాగం ఆపరేషన్ అయిన వైపు కిందికి వంగుతుంది. అప్పుడు ఎముకల పొడవు సమానంగా ఉన్నా ఆ కాలు పొడుగ్గానే అనిపిస్తుంది.

దీనికి మందు ఓపిక, వ్యాయామం. బిగుతు సడలేకొద్దీ చాలామందిలో ఈ భావన మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిపోతుంది. ఈలోగా జరిగే పెద్ద పొరపాటు, పొడుగ్గా అనిపించే కాలి మోకాలిని కొద్దిగా మడిచి నిలబడటం. అలా నిలబడినంతకాలం తుంటి ముందు భాగం సాగే అవకాశమే ఉండదు, బిగుతు మరింత ముదురుతుంది. నిలబడినప్పుడు రెండు మోకాళ్ళూ చాపి, రెండు మడమలూ నేలకు ఆనించి, బరువును రెండు పాదాల మీదా సమానంగా మోపాలి. ఆపరేషన్ కాలి మీద పూర్తి బరువు వేయవద్దని సర్జన్ చెప్పి ఉంటే మాత్రం ఆ సూచనే పాటించాలి. వెల్లకిలా పడుకుని, కాలు చాపే ఉంచి, ఆపరేషన్ వైపు నడుమును పక్కటెముకల వైపు పైకి లాక్కోవడం కటి వంపును సరిచేసే తేలికైన వ్యాయామం. కాలును రెండో కాలి మీదుగా అడ్డంగా లాగి సాగదీయడం లాంటివి మాత్రం సర్జన్ అనుమతి లేకుండా చేయకూడదు. తొలి వారాల్లో ఆ భంగిమ కొత్త కీలు జారిపోవడానికి దారితీయవచ్చు.

సమస్య: ఆరు నెలలు దాటినా తేడా పోలేదు

ఇప్పుడు కొలవాలి. పడుకోబెట్టి టేపుతో రెండు కొలతలు తీస్తారు. నడుము ముందు భాగంలో చేతికి తగిలే ఎముక మొన నుంచి చీలమండ లోపలి గుబ్బ వరకు ఒకటి, బొడ్డు నుంచి అదే గుబ్బ వరకు ఇంకొకటి. మొదటి కొలత రెండు కాళ్ళకూ సమానంగా ఉండి రెండోది తేడాగా వస్తే, లోపం కాలి పొడవులో లేదు, కటి భాగం వంపులో ఉంది. ఆ వంపు తుంటి బిగుతు వల్ల కావచ్చు, వయసు మీద పడి పక్కకు వంగి గట్టిపడిన వెన్నెముక వల్ల కూడా కావచ్చు. వెన్నెముకే కారణమైతే తుంటి ఆపరేషన్‌ను నిందించి లాభం లేదు, పరీక్ష అక్కడ జరగాలి.

టేపు కొలత చిన్న తేడాలను పట్టుకోలేదు. అంతకన్నా నమ్మదగిన పద్ధతి, నిలబెట్టి పొట్టి కాలి కింద పలుచని చెక్కముక్కలు ఒక్కొక్కటిగా పేర్చడం. వెనక నిలబడిన ఫిజియోథెరపిస్ట్ నడుముకు రెండు పక్కలా తుంటెముక అంచుల మీద వేళ్ళు ఆనించి చూస్తారు. ఆ వేళ్ళు ఒకే మట్టానికి వచ్చినప్పుడు పాదం కింద ఉన్న చెక్కల మందమే తేడా. రోగి "ఇప్పుడు సమానంగా ఉంది" అని చెప్పే ఎత్తును కూడా వేరుగా రాసుకోవాలి, ఎందుకంటే ఆ రెండూ ఎప్పుడూ ఒకటే కావు. ఎక్స్‌రేలో అయితే కటి ఎముకకు రెండు వైపులా కనిపించే కన్నీటి చుక్క ఆకారపు గుర్తులను కలిపే గీత నుంచి తొడ ఎముక లోపలి వైపున్న చిన్న బొడిపె వరకు ఉన్న దూరాన్ని రెండు పక్కలా పోల్చుతారు. ఇది తుంటి దగ్గరి తేడాను మాత్రమే చెబుతుంది. ఎప్పుడో కాలు విరిగి అతికిన వారికి మొత్తం కాళ్ళు కనిపించేలా నిలబెట్టి తీసిన ఎక్స్‌రే అవసరమవుతుంది.

సమస్య: కొలతలోనూ తేడా నిజమేనని తేలింది

ఒక సెంటీమీటరు లోపు తేడాను చాలామంది శరీరం తేలిగ్గా భరిస్తుంది. ఏ ఆపరేషనూ చేయించుకోని మనుషుల్లో కూడా కొద్దిపాటి తేడా సర్వసాధారణం. నడుము నొప్పి, కుంటు, త్వరగా అలసట ఉంటే మాత్రం ఎత్తు పెట్టించుకోవాలి. ఆపరేషన్ చేసిన కాలు పొడుగైతే ఎత్తు రెండో కాలి కింద పెట్టాలన్నది గుర్తుంచుకోవాలి, ఇక్కడ తికమకపడేవారు ఉంటారు. మొత్తం తేడాను ఒకేసారి సరిచేయకుండా, సగంతో మొదలుపెట్టి, శరీరం అలవాటు పడేకొద్దీ పెంచాలి. బూటు లోపల సుమారు ఒక సెంటీమీటరుకు మించి పెడితే మడమ బయటికి జారుతుంది కాబట్టి, అంతకన్నా ఎక్కువ కావాలంటే బూటు అడుగు అట్టనే మందం చేయించాలి.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. గడప దగ్గర చెప్పులు విడిచేసి రోజంతా ఉత్త కాళ్ళతో తిరిగేవారికి, బయటికి వేసుకునే బూటులోని ఎత్తు గంటో రెండు గంటలో మాత్రమే పనిచేస్తుంది. వంటింట్లో, పూజగదిలో, రాత్రి బాత్‌రూమ్‌కు వెళ్ళేటప్పుడు ఆ తేడా అలాగే ఉంటుంది. ఇంట్లో వేసుకోవడానికే విడిగా, వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పుల జత పెట్టుకుని, పొట్టి కాలి చెప్పుకు అడుగున అదే మెత్తటి షీటు అతికించుకోవడం నా దృష్టిలో తప్పనిసరి. వెనక పట్టీ లేని చెప్పు జారుతుంది, ఆపరేషన్ అయినవారు పడకూడదు.

పొడవు సరిచేయడానికి మళ్ళీ ఆపరేషన్ చేయడం అరుదు. విడవని నొప్పి, నరం మీద ఒత్తిడి, కీలు పదేపదే జారడం లాంటివి ఉంటేనే దాని గురించి ఆలోచిస్తారు, ఎందుకంటే పొడవు తగ్గిస్తే కండరాలు వదులై కీలు పట్టు తప్పవచ్చు. మొదటి ఆపరేషన్‌లో సర్జన్ కొన్నిసార్లు కొన్ని మిల్లీమీటర్లు పెంచవలసి రావడానికి కారణం కూడా ఆ పట్టే.

సమస్య: కొలతలు సమానం, అయినా నడకలో పక్కకు ఒరగడం

ఇది పొడవు లోపం కాదు, తుంటి పక్క కండరాల బలహీనత. ఆపరేషన్ చేసిన కాలి మీద మాత్రమే నిలబడితే రెండో వైపు నడుము కిందికి జారుతుంది. ఎత్తు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. కండరాల బలం పెంచే వ్యాయామాలు నెలల తరబడి చేయాలి. అప్పటివరకు చేతికర్రను ఆపరేషన్ కానివైపు చేత్తో పట్టుకోవాలి.

సమస్య: సమానంగా ఉన్న కాలు పొట్టిదైపోవడం

కింద కూర్చోబోయినప్పుడో, తక్కువ ఎత్తు పీట మీంచి లేస్తున్నప్పుడో తీవ్రమైన నొప్పితో కాలు ఒక్కసారిగా పొట్టిదై, పాదం లోపలికి తిరిగిపోతే కీలు జారి ఉండవచ్చు. పడిన తర్వాత కాలు పొట్టిదై పాదం బయటికి తిరిగితే ఎముక విరిగి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ కాలు లాగడం, మర్దన చేయడం, నాటు కట్టు కట్టించడం చేయకుండా, నిలబెట్టకుండా, పడుకోబెట్టే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. నొప్పి అంతగా లేకపోయినా నెలలు గడిచేకొద్దీ కాలు కొద్దికొద్దిగా పొట్టిదవుతుంటే, తొడ ఎముకలో పెట్టిన లోహపు కాడ కిందికి కుంగుతోందేమోనని పాత, కొత్త ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే మొదటి ఎక్స్‌రేను జాగ్రత్త చేసుకోవాలి. ఆపరేషన్ తర్వాత పాదం పైకి లేవకుండా వాలిపోతే, కాలు పొడుగైనప్పుడు నరం సాగి ఉండవచ్చు కాబట్టి, ఆ గంటలోనే సర్జన్‌కు చెప్పాలి.

సమస్య: చిన్నప్పటి నుంచీ కాలు పొట్టి, ఇప్పుడు ఆపరేషన్ చేయించుకోవాలి

పసితనంలో కీలుకు చీము పట్టినవారికీ, క్షయ సోకినవారికీ, పుట్టుకతోనే కీలు జారి ఉన్నవారికీ తేడా చాలా సెంటీమీటర్లు ఉండవచ్చు. ఒకేసారి సుమారు నాలుగు సెంటీమీటర్లకు మించి సాగదీస్తే తుంటి వెనక నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరం దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. పైగా వెన్నెముక దశాబ్దాలుగా ఆ వంపుకే అలవాటుపడి ఉంటుంది. కాబట్టి మీ కాలిని ఎంత పెంచగలరు, ఎంత వదిలేస్తారు, మిగిలినదానికి చెప్పు ఎత్తు ఎంత కావాలి అనే మూడు ప్రశ్నలకు సంతకం పెట్టకముందే సర్జన్ దగ్గర అంకెల్లో జవాబు తీసుకోవాలి.