కుక్క కుంటుతుంటే కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళే ముందు

కిందటి మే నెలలో మా బబ్లూగాడు పార్కు నుంచి వచ్చాక ముందు కుడికాలు మోపీ మోపనట్టు నడవడం మొదలుపెట్టాడు. మేముండేది కాలిఫోర్నియాలో, శాక్రమెంటో దగ్గర. ఇక్కడ కుక్కలకీ కైరోప్రాక్టర్లున్నారు, అంటే వెన్నూ కీళ్ళూ చేత్తో నొక్కి సరిచేసేవాళ్ళు. ఆఫీసులో ఒకరు చెప్పగానే అపాయింట్‌మెంట్ తీసేసుకున్నాను. ఊరి నుంచి వచ్చిన అమ్మ మాత్రం, "ముందు కాలు తిప్పి చూడరా, ముల్లేమన్నా గుచ్చుకుందేమో" అంది. చూస్తే రెండు వేళ్ళ సందులో శనగగింజంత వాపు, దాని మీద చీము కారుతున్న చిన్న కన్నం. ఫాక్స్‌టెయిల్ గడ్డి గింజ అది. వేసవి మొదట్లో ఎండిపోయి రాలుతుంది. దాని నూగంతా ఒకవైపుకే వాలి ఉంటుంది కాబట్టి లోపలికి పోవడమే గాని వెనక్కి రాదు. వెట్, అంటే పశువుల డాక్టరు, మత్తిచ్చి తీశారు. నేను వెన్ను నొక్కించడానికి తీసుకెళ్ళబోయాను!

అందుకే ముందు ఇంట్లోనే గోళ్ళు, అరికాలి మెత్తలు, వేళ్ళ సందులు టార్చి వేసి చూడండి. ఒకరు తల పట్టుకుని నిమురుతుంటే ఇంకొకరు చూడాలి. నొప్పిలో ఉన్న కుక్క యజమాని అని చూడదు, కరిచేస్తుంది. గింజ కనబడినా పట్టకారుతో కెలక్కండి, విరిగి లోపల ఉండిపోతుంది.

తర్వాత చదునైన సిమెంటు దారి మీద నడిపించి ఫోన్లో వీడియో తీయండి, ఎదురుగా కొంచెం, పక్క నుంచి కొంచెం. క్లినిక్‌కి వెళ్ళగానే టెన్షన్‌లో చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి, డాక్టరుకి మన మాటే మిగులుతుంది. ముందు కాలు నొప్పైతే ఆ కాలు నేలకి తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు వేసినప్పుడు కిందికి వంగుతుంది. వీడియోలో ఇది బాగా తెలుస్తుంది.

కైరోప్రాక్టర్ కంటే ముందు వెట్ చూడాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను. లాబ్రడార్ లాంటి పెద్ద కుక్క వెనక కాలు కుంటుతుంటే మోకాలి లిగమెంట్ తెగిందేమో చూడాలి. నొక్కితే అతుక్కునేది కాదది. పామరేనియన్‌లాంటి బుల్లి కుక్క నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తి గెంతి మళ్ళీ మామూలుగా నడిస్తే మోకాలి చిప్ప జారుతోందేమో. పెద్ద జాతి కుక్క, వయసు మళ్ళింది, కుంటడం వారాలుగా తగ్గడం లేదంటే ఎక్స్‌రే తప్పదు, ఎముక క్యాన్సర్ అలాగే మొదలవుతుంది. పొడుగు నడుం డాష్‌హుండ్‌కి వెన్ను డిస్క్ సమస్య ఉంటే, తెలియకుండా వెన్ను మీద చెయ్యి వేయించడం ప్రమాదం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళయితే పిడుదుల సంగతి మరవకండి. టిక్ ఫీవర్ కీళ్ళకి పట్టినా కుక్క కుంటుతుంది, దానికి రక్తపరీక్ష కావాలి.

కాలు వేలాడుతున్నా, అసలు మోపకపోయినా, వెనక కాళ్ళు ఈడుస్తున్నా, మూత్రం పోయలేకపోతున్నా అపాయింట్‌మెంట్ల కోసం ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్, అడ్విల్ (ఐబుప్రొఫెన్), డైక్లోఫెనాక్ ఒక్క ముక్క కూడా పెట్టకండి. మనకి పనిచేసే మోతాదే వాటి కడుపు, కిడ్నీ, లివర్‌ని దెబ్బతీస్తుంది. వెట్ నొప్పి మందు రాస్తే, అంతకుముందు స్టెరాయిడ్ ఏదైనా ఇచ్చారా అన్నది తప్పకుండా చెప్పండి.

ఇవన్నీ అయ్యాక వెన్ను బిగుసుకుంది, చేయించినా ఫర్వాలేదని వెట్ అంటే అప్పుడు కైరోప్రాక్టర్. కాలిఫోర్నియా నిబంధన కూడా ఇదే: ముందు వెట్ పరీక్షించాలి, మనుషుల కైరోప్రాక్టర్ అయితే వెట్ పర్యవేక్షణలోనే చేయాలి, ఇది ప్రత్యామ్నాయ చికిత్స అని తెలుసంటూ మన చేత సంతకం పెట్టించుకోవాలి. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. 1989లో మొదలైన అమెరికన్ వెటర్నరీ కైరోప్రాక్టిక్ అసోసియేషన్ వెట్‌లకీ, కైరోప్రాక్టర్లకీ సర్టిఫికెట్ ఇస్తుంది, అది ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. కుక్కల్లో ఈ వైద్యం మీద గట్టి పరిశోధనలు తక్కువే. అందుకని "ఎముక పక్కకి జరిగింది, ఒక్క సిట్టింగులో సరి" అనేవాళ్ళ దగ్గర, ఎక్స్‌రే చూడకుండానే పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మేవాళ్ళ దగ్గర నేనైతే ఆగను.

వెళ్ళే రోజు కడుపు నిండా పెట్టకండి, ముందు కాస్త తిప్పి తీసుకెళ్ళండి. రిపోర్టులు, కరవకుండా మూతికి కట్టే మజిల్ వెంట ఉంచుకోండి. చేత్తో చిన్నగా, వేగంగా నొక్కుతారు, టక్కుమని చప్పుడు రావాలనేమీ లేదు. కుక్క అరిచినా, బిగుసుకుపోయినా అక్కడితో ఆపమనండి.

ఇంటికొచ్చాక రెండు రోజులు బంతి ఆటలు, కారులోకి గెంతడాలు, మెట్లు బంద్. చెక్క ఫ్లోర్ మీద కాళ్ళు జారకుండా పాత యోగా మ్యాట్లు పరిచాం మేము. వారం తర్వాత అదే దారి మీద మళ్ళీ వీడియో తీసి పాతదాని పక్కన పెట్టి చూడండి. మూడు సిట్టింగులకీ తేడా కనబడకపోతే నాలుగోదానికి డబ్బు కట్టకుండా ఆ రెండు వీడియోలూ పట్టుకుని వెట్ దగ్గరికే తిరిగి వెళ్ళండి.