వానలు పడకముందే బండికి వించ్ పెట్టిస్తున్నారా, అయితే ముందు ఇవి చూసుకోండి

మృగశిర కార్తె దగ్గరపడింది. మొదటి వాన పడటం ఆలస్యం, మనవాళ్ళంతా బండ్లు తీసుకుని వికారాబాద్ వైపో మారేడుమిల్లి వైపో బయల్దేరతారు, ప్రతి ఏడూ సరిగ్గా ఈ టైంకే నాకు ఫోన్లు మొదలవుతాయి, అన్నా మహీంద్రా థార్‌కి వించ్ పెట్టిద్దామనుకుంటున్నా ఏ కంపెనీది మంచిది అని. వించ్ అంటే దిగబడ్డ బండిని లాగడానికి ముందు బిగించే మోటారు, దాని డ్రమ్ముకి రోప్ చుట్టి ఉంటుంది. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, దాన్ని దేనికి బిగిస్తున్నావ్ అని అడిగితే మాత్రం చాలామంది "బంపర్‌కే కదా" అంటారు. అక్కడే నాకు గుండె ఆగినంత పనవుతుంది, ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

పోయిన ఆగస్టులో తాండూరు అవతల కంది చేల మధ్య బండిబాటలో మా ఫ్రెండ్ థార్ దిగబడింది. అక్కడంతా నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు తీసే నేలే వానాకాలం వచ్చేసరికి జిగటగా అయిపోయి టైర్‌ని పట్టుకుంటే వదలదు. నా బండి గట్టి నేల మీద పెట్టి, వించ్ రోప్ వాడి ముందు హుక్‌కి తగిలించి లాగడం మొదలుపెట్టాం. రెండు మూడు మీటర్లు బాగానే వచ్చింది, ఆ తర్వాత టక్ మని ఒక చప్పుడు, అంతే, నా వించ్ ముందుకి ఒరిగిపోయింది, బంపర్ కూడా దాంతోపాటు బెత్తెడు బయటికొచ్చేసింది. రోప్ తెగలేదు కాబట్టి, దాని మీద తడి గోనెసంచి వేసి ఉంది కాబట్టి, అందరం పక్కకి నిలబడి ఉన్నాం కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఇంటికొచ్చాక విప్పి చూస్తే వించ్ కింద ప్లేటు 3 ఎంఎం రేకు, దాన్ని తీసుకెళ్ళి బంపర్ బ్రాకెట్లకి వెల్డింగ్ కొట్టి వదిలేశాడు షాపతను, బోల్టు తల మీద దాని బలం చెప్పే నంబర్ ఒక్కటి కూడా లేదు, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉన్నాయి. వించ్‌కి మాత్రం చిన్న గీత కూడా పడలేదు. అంటే వేలకి వేలు పోసి కొన్న సరుకు బాగానే ఉంది, రెండు మూడొందల రూపాయల బోల్టుల దగ్గర కక్కుర్తి పడ్డాం.

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. బండి ఖాళీ బరువు కాదు, మనుషులు, డీజిల్, సామాను, వించ్ అన్నీ కలిపి ఎంతవుతుందో చూసి దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. థార్ లాంటి బండి లోడ్‌తో రెండున్నర టన్నులు అనుకుంటే 3,750 కేజీలు అవుతుంది, వించ్‌లు పౌండ్లలో అమ్ముతారు కాబట్టి అది సుమారు 8,300 పౌండ్లు, అందుకే మన దగ్గర ఎక్కువమంది 9,500 పౌండ్లది తీసుకుంటారు, అంటే దాదాపు 4,300 కేజీలు లాగేది. ఇంకా పెద్దది ఉంటే మంచిదే కదా అని 12,000 పెట్టించేవాళ్ళున్నారు, కానీ ముందు బరువు పెరుగుతుంది, స్ప్రింగులు కిందికి దిగుతాయి, చిన్న బండికి అది అవసరం లేదనేది నా అభిప్రాయం.

అయితే ఆ డబ్బా మీద రాసిన 9,500 ఎక్కడ వస్తుందో చాలామందికి తెలీదు. డ్రమ్ము మీద రోప్ మొదటి వరసలో, అంటే అన్నిటికన్నా లోపలి చుట్టులో ఉన్నప్పుడు మాత్రమే అంత బలం. పైన ఒక్కో వరస ఎక్కేకొద్దీ బలం తగ్గుతూ పోతుంది, నాలుగో వరసకొచ్చేసరికి మోడల్‌ని బట్టి ఆరేడు వేల పౌండ్లకి పడిపోతుంది. ఇంకోవైపు బురద సంగతి చూడండి, చక్రాల వరకే దిగితే బండి బరువంత బలం కావాలి, ఫెండర్ (చక్రం మీది రేకు) దాకా కూరుకుపోతే రెండింతలు కావాలి, ఇది మిలిటరీలో దిగబడ్డ బండ్లని బయటికి లాగేవాళ్ళు వాడే లెక్క. అంటే ఫెండర్ దాకా దిగిన రెండున్నర టన్నుల బండికి ఐదు టన్నుల లాగుడు, మన 9,500 ది కొత్తదైనా సరే నేరుగా లాగితే చాలదు. అందుకే వించ్‌తో పాటు రెండు వస్తువులు తప్పనిసరి, ఒకటి పార, రెండోది స్నాచ్ బ్లాక్.

స్నాచ్ బ్లాక్ అంటే బ్రహ్మ పదార్థమేం కాదు, మన బావి దగ్గర గిలక లాంటిదే, కాకపోతే పక్కలు తెరుచుకుని మధ్యలో రోప్ వేసుకోవడానికి వీలుంటుంది. చెట్టుకి గిలక కట్టి, రోప్ దాని మీదుగా తిప్పి మళ్ళీ మన బండి ఛాసిస్ (కింది ఇనప చట్రం) హుక్‌కే తగిలిస్తే లాగే బలం ఇంచుమించు రెట్టింపు, స్పీడు సగం. పైగా డ్రమ్ము మీంచి రోప్ ఎక్కువ బయటికొస్తుంది కాబట్టి లోపలి వరసలో పని చేస్తుంది, అదొక లాభం. కానీ ఒకటి మర్చిపోవద్దు, ఆ గిలక కట్టిన చెట్టు మీద, దానికి చుట్టిన బెల్టు మీద, ఆ రెంటినీ కలిపే U ఆకారపు ఇనప కొండీ అంటే షాకిల్ మీద కూడా రోప్‌లో ఉన్న దానికి రెట్టింపు భారం పడుతుంది. కాబట్టి ఆ బెల్టూ షాకిల్ ఎంత లోడ్‌కి చేశారో దాని మీద రాసి ఉన్నది మాత్రమే కొనండి, ముప్పావు అంగుళం షాకిల్ మంచిదైతే 4.75 టన్నులు అని దాని ఒంటి మీదే అచ్చు వేసి ఉంటుంది. ఏమీ రాసి లేనిది ఎంత మెరిసినా వద్దు. గిలకతో ఫుల్లుగా లాగాల్సి వస్తే చెట్టు దగ్గర ఇంకా పెద్ద రేటింగ్ ఉన్న షాకిల్ కావాలి.

ఇక రోప్. స్టీలా సింథటిక్కా (ప్లాస్టిక్ పోగుల తాడా) అని అడిగితే నేను సింథటిక్ అంటాను. స్టీల్ వైర్ తెగితే కొరడాలాగా తిరిగొచ్చి అద్దం పగలగొట్టుకుని లోపలికి రాగలదు, సింథటిక్‌లో నిలవయ్యే శక్తి చాలా తక్కువ కాబట్టి తెగినా అంత ఘోరంగా ఉండదు, బరువు కూడా మొత్తం సెట్టు మీద ఓ పది కేజీల దాకా కలిసొస్తుంది. కానీ దానికి నాజూకు ఎక్కువ. ఎండకి పాడవుతుంది, రాయి అంచుకి రాసుకుంటే కోసుకుపోతుంది, బురద ఇసక పోగుల్లోకి దూరితే లోపల్నుంచి అరగదీస్తుంది, ట్రిప్ అయ్యాక బకెట్ నీళ్ళలో కడిగి ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్ళకే అది. రోప్ బయటికొచ్చే చోట దాన్ని దారిలో పెట్టే చట్రాన్ని ఫెయిర్‌లీడ్ అంటారు, స్టీల్‌కైతే రోలర్లది, సింథటిక్‌కైతే నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్. పాత స్టీల్ వైర్ రాసుకుని గాట్లు పడిన రోలర్ల మీదే కొత్త సింథటిక్ వేస్తే ఆ గాట్లు రంపంలా పనిచేస్తాయి.

బిగించడం దగ్గర మాత్రం నిలబడి చూడండి, షాపులో బండి వదిలేసి టీ తాగడానికి పోవద్దు. ప్లేటు కనీసం 5-6 ఎంఎం స్టీల్ ఉండాలి, అది రెండు పక్కలా ఛాసిస్ పట్టాలకి బోల్టులతో బిగవాలి, బంపర్‌కి కాదు, బంపర్ పట్టుకున్న బ్రాకెట్లకీ కాదు. థార్, జిమ్నీ, గూర్ఖా లాంటివి లాడర్ ఫ్రేమ్ బండ్లు, అంటే నిచ్చెన లాంటి ఉక్కు చట్రం మీద బాడీ ఎక్కించినవి కాబట్టి ముందు ఆ పట్టాలు చక్కగా దొరుకుతాయి, విడిగా చట్రం లేకుండా బాడీయే చట్రమైన మోనోకాక్ ఎస్‌యూవీకి పెట్టించాలనుకుంటే దయచేసి ఆ ఆలోచన మానుకోండి. బోల్టు తల మీద 8.8 అని ఉందా చూడండి, వించ్ అడుగున వాళ్ళిచ్చిన బోల్టులే వాడండి, దొరకలేదని పొడుగు బోల్టు వేస్తే అది లోపల కొసకి తగిలి ఆగిపోతుంది, పైకి టైట్ అయినట్టే ఉంటుంది కానీ ప్లేటుని పట్టుకోదు. నాలుగు చోట్ల నాలుగూ ఉండాలి, రెండు చాల్లే అన్నా అంటే ఆ షాపు నుంచి బండి తీసుకొచ్చేయండి. వించ్ డ్రమ్ముని వదులు చేసే క్లచ్ లివర్ చేతికి అందుతుందా, రోప్ డ్రమ్ము మీద ఎటు చుట్టుకుంటుందో కంటికి కనిపిస్తుందా, రేడియేటర్‌కి గాలి పూర్తిగా అడ్డం పడుతుందా, ఇవన్నీ బంపర్ ఎక్కించకముందే చూసుకోవాలి, ఎక్కించాక ఎవడూ విప్పడు.

చట్టం గురించి కూడా ఒక మాట. 2017 డిసెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డులు (బండి ముందు అదనంగా బిగించే ఇనప కమ్మీలు) మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కి విరుద్ధమని రాష్ట్రాలకి రాసింది. ముందు పెద్ద ఇనప బంపర్ ఉంటే ఎయిర్‌బ్యాగ్ పనితీరు కూడా తేడా రావచ్చు, ఇన్సూరెన్స్ వాళ్ళు మెలిక పెట్టొచ్చు. అందుకని కంపెనీ బంపర్ వెనకాల దాక్కునే మౌంట్ దొరికితే అదే మేలు, ఇన్సూరెన్స్‌కి ముందే చెప్పి రాయించుకోండి.

కరెంటు వైపు వద్దాం. వించ్ ఫుల్ లోడ్‌లో దాదాపు 400 ఆంప్స్ లాగుతుంది, మామూలు బండి ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిప్పే కరెంటు జనరేటర్) ఇచ్చేది 100, 120 దగ్గర ఉంటుంది, మిగతాదంతా బ్యాటరీయే మొయ్యాలి. కాబట్టి లాగేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, ఒక నిమిషం లాగి కాసేపు ఆపాలి, మోటార్ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే టీ బ్రేక్ తీసుకోవాల్సిందే. కేబుల్ బ్యాటరీ నుంచి నేరుగా రావాలి, రేకు రంధ్రంలోంచి వెళ్ళే ప్రతి చోటా కేబుల్ కోసుకుపోకుండా రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉండాలి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా పోవాలి. ఇంకా ముఖ్యమైనది ఐసోలేటర్ స్విచ్, అంటే బ్యాటరీ నుంచి వించ్‌కి వెళ్ళే కరెంటుని పూర్తిగా తెంచేసేది. రిమోట్ బటన్ వదిలేసినా మోటార్‌కి కరెంటు కలిపే కాంటాక్టర్ లోపల అతుక్కుపోతే వించ్ ఆగదు, అప్పుడు రోప్ హుక్ ఫెయిర్‌లీడ్‌లోకి దూసుకొస్తుంటే బానెట్ ఎత్తి స్పానర్ వెతుక్కుంటారా, ఒక్క స్విచ్ తిప్పుతారా. వాడనప్పుడు కూడా అది ఆఫ్‌లోనే ఉంచండి.

కొత్త వించ్ పెట్టించాక రోప్ ఫ్యాక్టరీ నుంచి వదులుగా చుట్టి వస్తుంది, అలాగే తీసుకెళ్ళి లాగారో పై వరస కింది వరసల్లోకి దిగబడి అక్కడే ఇరుక్కుంటుంది. ఇంటి దగ్గర కొంచెం ఏటవాలు రోడ్డు చూసుకుని, రోప్ మొత్తం బయటికి లాగి, ఏ గట్టి చెట్టుకో కట్టి, ఇంకొకర్ని సీట్లో కూర్చోబెట్టి హ్యాండ్ బ్రేక్ కాస్త పట్టించి, బండి దానంతటదే పైకెక్కేలాగా వరస పక్కన వరస చుట్టించండి. రోప్ మొత్తం అంటే డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా కాదు, స్టీలైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది పది చుట్లు ఎప్పుడూ మిగిలే ఉండాలి, లేకపోతే కొసన ఉన్న చిన్న స్క్రూ ఒక్కటే బండిని పట్టుకున్నట్టు లెక్క.

చెట్టు విషయం మన ఊళ్ళవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కానీ సిటీ కుర్రాళ్ళ కోసం చెప్తున్నా, చింత, వేప, మామిడి ముదురు చెట్లైతే సరే, మునగ చెట్టుకి మాత్రం పిల్లాడు కూడా ఉయ్యాల కట్టడు. జామాయిల్ తోటల్లో సన్న చెట్లు నిటారుగా ఊరిస్తుంటాయి, నమ్మొద్దు. కరెంటు స్తంభం జోలికి అసలే పోవద్దు. చెట్టు చుట్టూ వెడల్పు బెల్టు వేసి, వీలైనంత కిందుగా, దాని రెండు కొసలూ షాకిల్‌లో కలపాలి, రోప్‌నే చెట్టుకి చుట్టి దాని హుక్ దానికే తగిలించడం మాత్రం చేయకండి. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేదంటే లాగిన తర్వాత బిగుసుకుని రాదు. రేగడి చేలల్లో కనుచూపు మేరలో చెట్టే ఉండదు కదా, అప్పుడు స్టెప్నీ టైర్‌కి బెల్టు కట్టి, గడ్డపారతో గుంత తవ్వి, నిలువుగా పాతిపెట్టి, బెల్టు బయటికొచ్చే వైపు చిన్న కాలవ తీసి లాగాలి, ఒళ్ళు హూనమవుతుంది కానీ పనిచేస్తుంది.

లాగే ముందు పార తీసుకుని నాలుగు చక్రాల ముందు బురద తీసేయండి, టైర్లలో గాలి తగ్గించండి, చాలా భారం అక్కడే తగ్గుతుంది. తోలు గ్లౌజులు, రోప్ మధ్యలో బరువైన దుప్పటో తడి గోనెసంచో, రోప్ పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో జనం. ఇది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం, ఎందుకంటే బండి దిగబడిందంటే చాలు ఊరు ఊరంతా వస్తుంది, పిల్లలు రోప్ మీంచి దూకుతుంటారు, ఒక పెద్దాయన వచ్చి ట్రాక్టర్ పిలిపించు నాయనా అంటాడు. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఆయనే కరెక్టు. ఒక్కరే సిగ్నల్ ఇవ్వాలి, మిగతావాళ్ళు అరవకూడదు. రోప్ కదులుతుండగా దాన్ని చేత్తో సర్దొద్దు, ఆపి, రిమోట్ పక్కన పెట్టి, అప్పుడు సర్దండి. వించ్ రోప్‌తో బండిని కుదుపులతో లాగడం, టోయింగ్ చెయ్యడం రెండూ వద్దు.

మొదటిసారి గట్టిగా లాగాక బోల్టులు మళ్ళీ చెక్ చేయాలి, అవి కాస్త కూర్చుంటాయి. నేను ఇప్పుడు ప్రతి బోల్టు తల మీంచి ప్లేటు మీదకి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీసుకున్నా, బోల్టు తిరిగితే గీత తెగినట్టు కనిపిస్తుంది. మొన్న ఆదివారం కింద దూరి టార్చి వేసి చూస్తే మూడు గీతలు సరిగ్గానే ఉన్నాయి, డ్రైవర్ వైపు వెనక బోల్టు గీత మాత్రం కొంచెం పక్కకి జరిగింది, టార్క్ రెంచ్ తెచ్చి బిగించి పాత గీత తుడిచి కొత్తది గీశాను.