మానని కమిలిన మచ్చ: చర్మపు ఆంజియోసార్కోమాను అనుమానించవలసిన సందర్భాలు

సమస్య: అరవై ఏళ్లు దాటినవారి తలమీదో ముఖంమీదో దెబ్బ తగిలిన జ్ఞాపకమేమీ లేకుండా కమిలినట్టు మచ్చ కనిపిస్తుంది. మామూలు కములు రంగులు మారుతూ సాధారణంగా రెండు మూడు వారాల్లో మాయమవుతుంది. ఆంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సరు మచ్చ మాత్రం అంచులు తెలియకుండా పాకుతుంది, ఊదారంగు గడ్డలు కడుతుంది, తాకితే రక్తం కారుతుంది. చామనఛాయ చర్మంపై ఎరుపు సరిగా తెలియదు కనుక నల్లబారిన మరకలాగే ఉండవచ్చు. కొందరిలో తల వంచితే మచ్చ ఉబ్బి రంగు చిక్కబడుతుంది, అయితే అలా కానంత మాత్రాన భయం లేదనుకోరాదు. మరికొందరిలో కనురెప్పల వాపే మొదటి లక్షణం. అలర్జీ మందులకూ యాంటీబయాటిక్స్‌కూ తగ్గని వాపును అదే మందుతో పొడిగించడం కాలహరణమే.

కారణం: రక్తనాళాల లోపలి పొర కణాలు క్యాన్సరుగా మారడం. తలమీద వచ్చేవాటికి చాలాసార్లు స్పష్టమైన కారణం దొరకదు. రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ పొందిన చర్మంపై కొన్నేళ్ల తరువాత ఇది రావచ్చు. రొమ్ము శస్త్రచికిత్స తరువాత ఏళ్ల తరబడి వాచిన చేతిపై ఇది పుట్టడాన్ని స్టీవర్ట్, ట్రీవ్స్ అనే వైద్యులు 1948లో ఆరుగురు రోగులలో వర్ణించారు. మన కోస్తా జిల్లాలకు చిరపరిచితమైన బోదకాలులో ఇది బహు అరుదు, అయినా పాత వాపుపై కొత్తగా ఊదారంగు గడ్డ లేస్తే చూపించుకోవలసిందే.

పరిష్కారం: పసర్లు, స్టెరాయిడ్ పూతలు ఆపి చర్మవ్యాధి నిపుణుల వద్ద లోతుగా ముక్క తీయించి బయాప్సీ చేయించాలి. పాత రేడియేషన్, వాపుల చరిత్ర ఆ ముక్కను పరీక్షించే పాథాలజిస్టుకు తెలియజేయాలి. ఆ ముక్కపైనే చేసే సీడీ31, ఈఆర్‌జీ అనే ప్రోటీన్ల పరీక్షలు రక్తనాళ కణాలను గుర్తించడానికి తోడ్పడతాయి. ఫలితం మామూలుగా వచ్చినా మచ్చ పెరుగుతూనే ఉంటే మరోచోట మళ్లీ తీయించాలి, ఎందుకంటే పైపైన తీసిన చిన్న ముక్కలో అసలు కణితి పడకపోవచ్చు. వ్యాధి కంటికి కనిపించే అంచును దాటి విస్తరించి ఉంటుంది కనుక ఎంఆర్ఐ, ఛాతీ సీటీ చూసి, సార్కోమా (కండ, ఎముక, రక్తనాళాల వంటి కణజాలాల క్యాన్సరు) చికిత్సలో అనుభవమున్న బృందమే శస్త్రచికిత్స, రేడియేషన్ నిర్ణయించాలి; కోయడానికి వీలుకానప్పుడు పాక్లిటాక్సెల్ అనే కీమోథెరపీ మందు వాడుతారు. చికిత్స ముగిశాక ఆ చోటే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. హఠాత్తుగా ఆయాసం వస్తే ఊపిరితిత్తులకు పాకి వాటి చుట్టూ గాలి చేరి ఉండవచ్చు కనుక, తదుపరి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.